తెగిన వేళ్ల ఫొటోలు చూపించి అమ్మేవాళ్ల గురించి

"వేలు తగలగానే బ్లేడు ఆగిపోయే టేబుల్ సా (బల్లకి బిగించిన రంపం) కొనకపోతే చేతులు పోగొట్టుకోవడం ఖాయమా?" అని అడిగారు. కాదు. ఆ టెన్షన్ రంపం పెట్టింది కాదు, ప్రకటనలు పెట్టింది. చాలా ఏళ్లుగా చెక్కపని చేస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా అంటున్నా.

ఒకసారి పనిముట్ల ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. ఒక స్టాల్ ముందు పెద్ద తెర, దాని మీద వరసగా తెగిన వేళ్ల ఫొటోలు. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా సార్? రేపు వాళ్ల చెయ్యి పట్టుకుని నడవాలా వద్దా?" అని సేల్స్‌మన్ వచ్చినవాళ్లనల్లా అడుగుతున్నాడు. ఇంతకీ అమ్ముతున్నది కత్తికి తెగని గ్లౌజులు! ఒక జత తొడుక్కుని అరచేతి మీద కత్తితో గీసుకున్నాడు. ఏమీ కాలేదు. జనం చప్పట్లు కొట్టారు.

"తిరిగే రంపం దగ్గర వేసుకోవచ్చా?" అని అడిగాను.

"అందుకేగా సార్ ఉన్నవి!"

నాకు ఒళ్లు మండింది. తిరిగే బ్లేడు దగ్గర గ్లౌజులు వద్దని ఈ పనిలో మొదటిరోజే చెప్తారు. రంపం పన్నుకి గ్లౌజు చిక్కిందంటే దాంతోపాటు చెయ్యి కూడా లోపలికి పోతుంది. ఆ మాటే అంటే జవాబు చెప్పకుండా ఇంకో ఫొటో వేశాడు. నా పక్కనున్న కుర్రాడు రెండు జతలు కొన్నాడు. చెప్పబోయాను, నేనేదో పోటీ కంపెనీవాడిని అన్నట్టు చూశాడు.

మీరడిగిన రంపం అలాంటి మోసం కాదులెండి. సాస్టాప్ అనే ఆ రంపం నిజంగానే పనిచేస్తుంది. బ్లేడులో సన్నటి విద్యుత్ సిగ్నల్ ఉంటుంది, చర్మం తగిలితే అది మారుతుంది. వెంటనే అల్యూమినియం దిమ్మ పళ్లలోకి దిగి 5 మిల్లీసెకన్ల లోపే బ్లేడును ఆపేస్తుంది. దాన్ని కనిపెట్టిన స్టీవ్ గాస్ టీవీలో తన వేలే పెట్టి చూపించాడు. కానీ భద్రత పేరు చెప్పే ఆ కంపెనీయే, బాష్ కంపెనీ రియాక్స్ అనే అలాంటి రంపమే తెస్తే పేటెంట్ కేసు వేసి 2017లో అమెరికాకి దాని దిగుమతిని ఆపించింది. అందరి వేళ్ల మీదా అంత ప్రేమ ఉంటే కోర్టుకెందుకు వెళ్లడం?

వేలికి బదులు సాసేజ్ అనే మాంసపు ముక్కని బ్లేడుకి తాకించే ప్రచార వీడియో చూపించనిది ఇంకోటుంది, కిక్‌బ్యాక్. చెక్క తిన్నగా వెళ్లడానికి ఆనించే పట్టీకీ (ఫెన్స్) బ్లేడుకీ మధ్య చెక్క బిగుసుకుని, వెనక పళ్లు దాన్ని లేపి మీ పొట్టకేసి విసిరితే ఆ బ్రేకు ఏమీ చెయ్యదు, ఎందుకంటే చర్మం బ్లేడును తాకనే లేదు. అక్కడ అక్కరకొచ్చేది బ్లేడు వెనక నిలబడి, కోసిన చెక్క బిగుసుకోకుండా చూసే పల్చటి రేకు, రైవింగ్ నైఫ్. అది పనిచేస్తున్నంతసేపూ ఏమీ జరగదు, ఇక దాని మీద వీడియో ఏం తీస్తారు? చెక్క ధూళి సంగతీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అయినా మాస్కు కొనమని ఊపిరితిత్తుల ఫొటోలు పట్టుకుని నా వెంట పడినవాడు ఒక్కడూ లేడు.

డబ్బుంటే కొనుక్కోండి, మంచిదే. లేకపోతే మామూలు రంపానికే రైవింగ్ నైఫ్ తియ్యకుండా ఉంచి, సన్న ముక్కలు కోసేటప్పుడు చెక్కని ముందుకు తోసే కర్ర (పుష్ స్టిక్) వాడండి. గ్లౌజులు మాత్రం వద్దు.