ఎంత సొమ్మో రాయి, బాబూ

విజయనగరం

ప్రభువునందు ప్రియమైన బాబుకు, వందనములు.

నీ కథ అందింది. మొదటిసారి చదివినప్పుడు చిరాకుపడి పక్కన పెట్టేశాను. మళ్ళీ తీసి చదవడానికి కారణం అందులోని ఒకే ఒక్క వాక్యం. మందిరంలోంచి అందరూ వెళ్ళిపోయాక నీ కోశాధికారి కానుక సంచి ముడి విప్పబోతూ, ముందుగా కుడిచేతిని పంచెకు తుడుచుకుంటాడు. అది బాగుంది. అంత రాయగలిగినవాడివి, మరుసటి పేరాలోనే సాతానును నల్లని నీడగా కిటికీలోంచి దింపి, ఆ మనిషి చెవిలో మాట్లాడించి, దొంగతనమంతా ఆ నీడ నెత్తిన పెట్టేశావు. ఆ కోపంతోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

యాకోబు పత్రిక మొదటి అధ్యాయం పద్నాలుగో వచనం తీసి చూడు. ప్రతివాడూ తన ‘స్వకీయమైన దురాశచేత’ ఈడ్వబడతాడని ఉంది. స్వకీయమైన అన్న ఆ ఒక్క మాటను పట్టుకునే నేను ఇన్నేళ్ళూ రాశాను. అరణ్యంలో మన ప్రభువు నలభై దినాలు ఉపవాసముండి ఆకలిగొన్న తరువాతనే శోధకుడు, అంటే సాతాను, వచ్చాడని మత్తయి చెబుతాడు. ముందు ఆకలి, ఆ తరువాతే రాళ్ళను రొట్టెలు చేసుకొమ్మన్న మాట. నీ కథలో ఆ ఆకలి ఎక్కడా లేదు. ఆ కోశాధికారికి ఏం కావలసి వచ్చింది? కూతురి పెళ్ళా, గోగునార ధర పడిపోయి మిగిలిపోయిన అప్పా, ఊళ్ళో తలెత్తుకుని తిరగాలన్న పట్టుదలా? సంచిలోంచి ఎంత తీశాడు? ‘కొంత సొమ్ము’ అని రాశావు. లెక్క దాచేవాడు వాడే మాట అది. కథ రాసేవాడు వాడకూడదు.

శోధించడమంటే ఆశపెట్టి పరీక్షించడమే కాదు, మన భాషలో వెతకడం కూడా. శోధన వచ్చి మన లోపల వెతుకుతుంది, అక్కడ ఉన్నదాన్నే బయటికి తీస్తుంది. లేనిదాన్ని తెచ్చి పెట్టదు. ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు.

1981లో బొబ్బిలికి దగ్గరలోని ఒక ఊళ్ళో బడిపంతులుగా ఉంటూ, అక్కడి సంఘం లెక్కలు చూసేవాణ్ణి. సంఘంలోని ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి దేవుని పేరిట వేరే కుండలో వేసేవారు. నెలాఖరుకు ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు నా దగ్గర ఉండేది. ఒక నెల జీతం రాలేదు, మా పెద్దమ్మాయికి జ్వరం తగ్గలేదు. ఆ డబ్బులోంచి అరవై రూపాయలు తీసుకున్నాను. అప్పుడు నా చెవిలో ఏ నీడా మాట్లాడలేదు. ‘పనివాడు తన జీతమునకు పాత్రుడు’ అనే వాక్యం గుర్తుకొచ్చింది, అంతే. అపవాది, ఆ సాతానే, ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు తొంభై ఒకటో కీర్తనలోని మాటలే వల్లించాడు కదా; సంఘంలో పెరిగిన మనకు శోధన వాక్యం రూపంలోనే వస్తుంది. పుస్తకంలో ‘దీపాలకు కిరసనాయిలు’ అని ఖర్చు రాశాను.

ఆ ఆదివారం పాస్టరుగారు నన్ను ప్రార్థన చేయమన్నారు. అంత చక్కని ప్రార్థన నేను అంతకుముందు చేయలేదు, ఆ తరువాతా చేయలేదు. ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో కూడా నాకు తెలిసిపోయింది. కూడిక అయ్యాక ఒక ముసలమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. రోజుకు ఒక్క పూటే పొయ్యి వెలిగించుకునే మనిషి ఆమె. ఆ పూట కూడా పిడికెడు మానలేదు. నెల తిరక్కుండా అరవై రూపాయలూ తెచ్చి పెట్టేసి, ‘పేరు చెప్పని విశ్వాసి కానుక’ అని జమ రాశాను. అది రెండో అబద్ధం. సొమ్ము తీర్చాను గానీ, ఆ ప్రార్థనకు వచ్చిన మెప్పును ఎవరికి తిరిగి ఇవ్వాలో ఈ రోజుకీ తెలియదు.

ఇదంతా కొన్నాళ్ళకు కథగా రాసి ఒక క్రైస్తవ పత్రికకు పంపాను. పాపి చివరి పేరాలో మోకరించి కన్నీళ్ళతో ఒప్పుకోవాలని, లేకపోతే విశ్వాసులకు అభ్యంతరం కలుగుతుందని సంపాదకుడు రాశాడు. నేను ఒప్పుకోలేదు. అయినా ఆ పేరా తానే రాసి, నా పేరుతోనే అచ్చువేశాడు. మా ఊళ్ళో దాన్ని గొప్ప సాక్ష్యమని, దేవుడు ఒక పాపిని మార్చిన వైనమని చదివి వినిపించారు! ఆ గాయం నాకు ఇంకా మానలేదు. ప్రతి కథా సాక్ష్యంలా ముగియాలన్న ఆ పద్ధతి ఇప్పటికీ పోలేదు, నీ కథ చివర కూడా అదే కనిపించింది. అపవాది ప్రతి శోధననూ ముగించి ‘కొంతకాలము’ ప్రభువును విడిచిపోయాడని లూకా రాశాడు. ప్రభువు విషయంలోనే సువార్తికుడు అంత జాగ్రత్తగా రాస్తే, నీ కోశాధికారిని ఒక్క ప్రార్థనతో శాశ్వతంగా బాగుచేసే అధికారం నీకెక్కడిది?

ఆ ప్రార్థన సంగతి కూడా చెప్పాలి. పన్నెండు వరుసలు రాశావు, ఎక్కడా ఆ మనిషి గొంతు లేదు. సిలువకు ముందటి రాత్రి గెత్సేమనేలో ప్రభువు మూడోసారి కూడా ఆ మాటలే చెబుతూ ప్రార్థించాడు. ఆయనకు కొత్త మాటలు కావలసి రాలేదు, పక్కనున్న శిష్యులు నిద్రపోయారు. నేను చెప్పిన ముసలమ్మ ప్రార్థన ఎప్పుడూ ఇంతే: “నాయనా, నానేటి సెప్పాల, నీకు తెల్దేటి.” శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు జనం మాట కోసం అంత పోరాడిన నేల మనది. బైబిలు గ్రంథంలోని భాష గ్రంథంలో ఉండనీ, నీ మనిషి చేత మాత్రం నీ ఊరి మాటలోనే ప్రార్థన చేయించు.

నేటి సంఘానికి ఎదురైన శోధనలంటూ నీ ఉత్తరంలో సెల్‌ఫోను, సినిమా, ఆడపిల్లల బట్టలు అని రాశావు. అవన్నీ ఇతరుల శోధనలే. ప్రభువు సంస్కారంలో ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటున్న మనం పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి ముందు కులం అడుగుతాం. లెక్కల పుస్తకం అందరి ముందూ పెట్టమన్నవాణ్ణి అవిశ్వాసి అంటాం. వీటిలో నీకు భాగమున్నది ఏదో దాన్ని రాయి. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) రాసిన కీర్తనలను మన పెద్దవాళ్ళు పుస్తకం చూడకుండా పాడతారు. ఆయన పశ్చాత్తాప గీతాల్లో పాపి పొరుగువాడు కాడు, పాడేవాడే.

నువ్వు అడిగిన తక్కిన ప్రశ్నల్లో కలం పేరు గురించి మాత్రం చెబుతాను: వద్దు. ఇలాంటి కథ కింద సొంత పేరే ఉండాలి.

కథ తిప్పి పంపుతున్నాను. చెయ్యి తుడుచుకునే వాక్యం కింద గీత గీశాను, దాని తరువాతి రెండు పేజీలూ తీసెయ్యి. ఆ ఆదివారం సంచిలో ఎంత ఉంది, ఎవరు ఎంత వేశారు, ఆ మనిషికి ఎంత తక్కువైంది, ఇవి తేల్చుకుని క్రిస్మస్ లోపల మళ్ళీ రాసి పంపు. ఆ సంఘం పాత లెక్కల పుస్తకంలో కిరసనాయిలు పద్దు ఉన్న పేజీని జిరాక్సు తీయించి దీనితోపాటే పెడుతున్నాను. ఈ ఉత్తరం చదివావు కనుక ఆ చేతిరాతను గుర్తుపడతావు.

ప్రభువునందు
నీ శ్రేయోభిలాషి