తుపాయా ఎక్కడ? – ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

పసిఫిక్ దీవుల కళ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని క్రియల కింద గీతలు గీస్తూ చదివాను. నీ శ్రమ ప్రతి పేరాలో తెలుస్తోంది. తేదీలు సరిగ్గా ఉన్నాయి, దీవుల పేర్లు తారుమారు కాలేదు. అయితే మూడో పేజీలో నా పెన్సిలు ఆగిపోయింది. అక్కడ ‘జోసెఫ్ బ్యాంక్స్ అన్నారు’ అని రాశావు. రెండు వాక్యాలు దాటగానే ‘తుపాయా అన్నాడు’ అని రాశావు. ఇద్దరూ ఒకే ఓడలో ప్రయాణించినవాళ్లు: బ్యాంక్స్ ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త, తుపాయా పసిఫిక్ దీవుల నావికుడు.

నువ్వు కావాలని చేయలేదని నాకు తెలుసు. మనం చదివే పుస్తకాల్లో ఎక్కువ భాగం ఓడ మీది వాళ్ల దినచర్యల నుంచి పుట్టినవే. చదవగా చదవగా మనమూ వాళ్ల పక్కనే నిలబడి ఒడ్డును చూడటానికి అలవాటు పడతాం. ఇంగ్లీషులో ఆ సంగతి బయటపడదు, రాజుకైనా బంటుకైనా అక్కడ ఒకటే క్రియ. తెలుగు దాచనివ్వదు. ఎవరిని గౌరవించామో, ఎవరిని ఏకవచనంతో సరిపెట్టామో క్రియ చివర తెలిసిపోతుంది. ఇద్దరికీ ‘రు’ ఇవ్వు, లేకపోతే ఇద్దరికీ ‘డు’ ఇవ్వు. ఈ ఉత్తరంలో నేను అందరికీ ‘డు’ వాడుతున్నాను.

తుపాయా సంగతి నీ వ్యాసంలో నాలుగు వాక్యాలతో అయిపోయింది. అతనికి నాలుగు పేజీలు ఇవ్వు. అతను రైయాతేయా దీవికి చెందిన పూజారి, నక్షత్రాలనూ అలలనూ చూసి దారి చెప్పగల నావికుడు. 1769 జులైలో తాహితీ నుంచి బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ నడిపే ఎండెవర్ ఓడ ఎక్కాడు. అతన్ని వెంట తీసుకువెళ్లాలని పట్టుబట్టింది బ్యాంక్సే. ఎందుకో తన దినచర్యలో రాసుకున్నాడు కూడా: ఇరుగుపొరుగు సంపన్నులు సింహాలనూ పులులనూ పెంచుకుంటుండగా, అంతకన్నా తక్కువ ఖర్చుతో తాను ఇతన్ని ఒక వింతగా ఎందుకు ఉంచుకోకూడదని. ఈ మాటను నువ్వు వదిలేశావు. చదవడానికి కష్టంగా ఉంటుంది, నిజమే. అయినా వదలకూడదు, ఎందుకంటే ఆ వెంటనే కథ తిరగబడింది.

ఓడ మీద చిత్రకారుల దగ్గర కాగితం, నీటిరంగులు ఉన్నాయి. తుపాయా వాటిని చేతికి తీసుకుని న్యూజిలాండ్ తీరంలో చూసిన ఒక బేరాన్ని బొమ్మగా వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఇద్దరే మనుషులు. దుప్పటి కప్పుకున్న మావోరి మనిషి తాడు కట్టిన పెద్ద సముద్రపు రొయ్యను పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా కోటు, టోపీ వేసుకున్న ఇంగ్లీషువాడు తెల్లని గుడ్డ ముక్కలాంటిదాన్ని చాపుతున్నాడు. వెనక కొండా లేదు, సముద్రమూ లేదు. ఇద్దరూ ఒకే ఎత్తులో, ఒకే నేల మీద ఉన్నారు. ఇచ్చిపుచ్చుకునే ఆ చేతుల దగ్గర కాసేపు ఆగి చూడు. తన సరుకు ముందుగా వదలడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఎవరు నాగరికుడు, ఎవరు కాదు అన్న ప్రశ్నకు ఆ కాగితం మీద చోటే లేదు.

ఆ బొమ్మ వేసినవాడి పేరు రెండు శతాబ్దాలకు పైగా ఎవరికీ తెలియలేదు. అది బ్యాంక్స్ చేతిపనే అయి ఉంటుందని కూడా ఊహించారు. 1812లో బ్యాంక్స్ రాసిన ఉత్తరం ఒకటి 1997లో వెలుగులోకి వచ్చాక తెలిసింది, అది తుపాయా బొమ్మ అని. తాను ఒక చేత్తో మేకు ఇస్తూ, రెండో చేత్తో రొయ్యను గట్టిగా పట్టుకున్నట్టు తుపాయా తనను ఎగతాళిగా చిత్రించాడని బ్యాంక్స్ అందులో గుర్తుచేసుకున్నాడు. బొమ్మలో గుడ్డలా కనిపించేది అతని జ్ఞాపకంలో మేకు అయింది. వింతగా ఉంచుకోవాలనుకున్న మనిషే తనను గమనించి, కాగితం మీద పెట్టాడు. నీ వ్యాసానికి ఇంతకన్నా మంచి ఆధారం నేను చూపలేను.

తుపాయా గీసిన పసిఫిక్ దీవుల పటం గురించి నువ్వు బాగానే రాశావు, దాని జోలికి పోను. ఒక్క మార్పు చేయి: 74 దీవులను అతను ‘గుర్తుచేసుకున్నాడు’ అన్నావు, ‘ఎరుగును’ అని రాయి.

‘కనుగొన్నాడు’ అన్న క్రియను మాత్రం మొత్తం తీసేయి. నీ వ్యాసంలో పదకొండు చోట్ల ఉంది, లెక్కపెట్టాను. మనుషులు అప్పటికే వందల ఏళ్లుగా ఇళ్లు కట్టుకుని, గుళ్లు నిలుపుకుని, దుంపలు పండించుకుంటున్న నేలను ఎవరు కనుగొంటారు? ‘వచ్చాడు’, ‘చేరాడు’, ‘లంగరు వేశాడు’ అని రాస్తే సరిపోతుంది.

‘సేకరించారు’ అన్న క్రియ ఇంకా ప్రమాదం. ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. పదిహేనేళ్ల కిందట లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లి, రాపానుయి, అంటే ఈస్టర్ దీవి నుంచి వచ్చిన హోవా హకననాయియా శిల్పం ముందు నిలబడ్డాను. దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తు, నల్లరాయి. ముఖం చూసి, ఆ గంభీరత మీద వ్యాసం రాసేశాను. వెనక్కి వెళ్లి చూడలేదు. ఆ తర్వాత మరోసారి వెళ్లినప్పుడు చుట్టూ తిరిగాను. వీపంతా చెక్కడమే: పక్షి తలలున్న ఇద్దరు మనుషులు ఎదురెదురుగా, వాళ్ల పైన ఒక పక్షి, పక్కల నాట్యంలో పట్టుకునే తెడ్లు. ముందు పూర్వీకుడి ముఖంగా నిలిచిన రాతికి తర్వాతి తరాలు తమ కొత్త ఆచారాన్ని వీపు మీద చెక్కుకున్నాయి. ఒకప్పుడు ఆ చెక్కడం మీద ఎరుపు, తెలుపు రంగులు కూడా ఉండేవి. 1868లో టోపేజ్ అనే బ్రిటిష్ నౌకాదళ ఓడ మీదికి దాన్ని నీటి మీద తేలుస్తూ తీసుకుపోతుంటే ఆ రంగు సముద్రంలో కొట్టుకుపోయింది.

‘1868లో సేకరించారు’ అని రాస్తే ఇవేవీ కనిపించవు. అంతకు ఆరేళ్ల ముందు, 1862లో, పెరూ నుంచి వచ్చిన బానిస వ్యాపారులు ఆ దీవి నుంచి సుమారు 1,500 మందిని పట్టుకుపోయిన సంగతీ కనిపించదు. తిరిగి వచ్చిన కొద్దిమందితో పాటు మశూచి వచ్చింది. 1877 నాటికి ఆ దీవిలో మిగిలింది 111 మంది. ఆ శిల్పం పేరుకు పోగొట్టుకున్న మిత్రుడు అనీ, దొంగలెత్తుకుపోయిన మిత్రుడు అనీ అర్థాలు చెబుతారు. 2018లో రాపానుయి ప్రతినిధులు లండన్ వచ్చి, తిరిగి ఇమ్మని అడిగారు. ఈ పేరా రాసేటప్పుడు విశేషణాలు వాడకు. సంవత్సరాలనూ అంకెలనూ వరసగా పెట్టు, చాలు.

అలాగని దీవుల వాళ్లను కన్నీళ్లకే పరిమితం చేయకు. నీ చివరి పేజీలో ఆ వరస కనిపించి బాధపడ్డాను. బ్యాంక్స్ చెప్పిన ఆ మేకు ఏమైందో ఆలోచించు. ఇనుము చేతికి అందగానే మావోరి శిల్పులు దాన్ని ఉలిగా మార్చుకున్నారు. కుక్ మనుషులు 1769లో తొలిసారి దిగి తె మారో అనే మనిషిని కాల్చి చంపిన తూరంగా తీరంలోనే, 1840ల్లో మావోరి శిల్పి రహరుహి రుకుపో ఉక్కు ఉలులతో ‘తె హౌ కి తూరంగా’ అనే సభామందిరాన్ని చెక్కించాడు. చనిపోయిన అన్నకు జ్ఞాపకంగా. 1867లో ప్రభుత్వం దాన్ని ఊడదీసి వెల్లింగ్టన్‌కు తరలించింది, అది వేరే దుఃఖం. కానీ ఆ చెక్కడంలో ఉన్న ధీమాను ముందు చూపించు, తరలింపు తర్వాత చెప్పు.

పేర్ల విషయం ఒకటి. పాలినేషియా భాషల్లో మాటలన్నీ అచ్చులతోనే ముగుస్తాయి, మన అజంత భాషలాగే. హ్రస్వ దీర్ఘాల తేడాకు అర్థం మారుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తరచూ రాలిపోయే దీర్ఘాన్ని మన లిపి హాయిగా నిలుపుతుంది. ‘మవొరి’ అని రాయకు, ‘మావోరి’ అని రాయి.

ఇది మనకు సంబంధం లేని కథ అని ఎవరైనా అంటే, 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి ఫిజీ వెళ్లిన తెలుగువాళ్లను గుర్తుచేయి. అదే సామ్రాజ్యం, అవే అలలు. దాని మీద వేరే వ్యాసం రాయాలి. ఇందులో ఇరికించకు.

ఇక ఎత్తుగడ. నువ్వు ఓడ బయలుదేరడంతో మొదలుపెట్టావు. అలా వద్దు. తుపాయా 1770 డిసెంబరులో బటేవియాలో, అంటే నేటి జకార్తాలో, జబ్బుతో చనిపోయాడు. అతని వెంట వచ్చిన కుర్రవాడు తైయాతా అంతకు కొద్దిరోజుల ముందే పోయాడు. 1773లో ఇంగ్లీషు ఓడలు మళ్లీ న్యూజిలాండ్ చేరినప్పుడు ఒడ్డు మీది వాళ్లు ముందుగా ఆరా తీసింది తుపాయా గురించి. అతన్ని ఎన్నడూ చూడనివాళ్లకు కూడా ఆ పేరు తెలుసు. లేడని చెబితే దుఃఖించారు. అక్కడ మొదలుపెట్టు: ఒడ్డున మనుషులు, దగ్గరవుతున్న ఓడ, దాని మీద ఒక ముఖం కోసం వాళ్ల వెతుకులాట.

రెండో ప్రతి సిద్ధమైతే పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు