అల్లుడూ, ముందు మంటని మండనివ్వు

మండపేట

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్‌లో పంపిన స్నానాల వేణ్ణీళ్ళ బాయిలర్ డ్రాయింగు చూశాను. నా కళ్ళజోడు చాలక మీ అత్తయ్యది కూడా పెట్టుకుని చూశాను. ఫోన్‌లో చెబితే ఊఁ ఊఁ అంటావు, షీటు కోసే వేళకి సగం మర్చిపోతావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. షాపులో గోడకి అంటించుకో.

డ్రాయింగు బాగా గీశావు. కానీ ఇలాగే చేస్తే, అజ్జరంలో కొన్న మీ నాయనమ్మ రాగి బాయిలర్ కంటే నీ బాయిలరే ఎక్కువ పొగ పోస్తుంది. ఎందుకంటే మంట చుట్టూ నీళ్ళు తిప్పేశావు. పక్కన నీళ్ళు, పైన నీళ్ళు, ఆఖరికి కట్టె మండే గ్రేటు చువ్వల కింద కూడా నీళ్ళ గొట్టం. మంటకి ఎంత దగ్గరగా నీళ్ళుంటే అంత సెగ దొరుకుతుందని నీ లెక్క. చూడ్డానికి న్యాయంగానే ఉంది. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

ఉప్పుడు బియ్యం మిల్లులో ముప్పయ్యేళ్ళు బాయిలర్ దగ్గరే ఉన్నాను కదా. అక్కడ ఊకని తీసుకెళ్ళి బాయిలర్ కింద పోసెయ్యరు. ముందు ఒక ఇటుకల గది ఉంటుంది. అందులో మెట్లు మెట్లుగా గ్రేటు. ఊక ఆ మెట్ల మీంచి జారుతూ మండుతుంది. గోడలు ఎర్రగా కాలి ఉంటాయి. ఆ సెగకి ఊకలోంచి లేచిన పొగ కూడా అంటుకుని మంటైపోతుంది. అంతా మండి అయ్యాకే ఆ వేడి గాలి బాయిలర్ ట్యూబుల్లోకి వెళ్తుంది. నేను చేరిన కొత్తలో, మంట ఇక్కడ, నీళ్ళు అక్కడ పెట్టారేమిటి, ఈ గది దండగ కదా అని, మంట చూసుకునే మా హెడ్ ఫైర్‌మన్‌ని అడిగాను. ఆయన మాట్లాడకుండా నన్ను బయటికి తీసుకెళ్ళి చిమ్నీ చూపించాడు. పైన పొగ కనిపించీ కనిపించనట్టుంది.

పొగంటే కాలకుండా పోయిన కట్టె. నమ్మకపోతే ఈసారి కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి ఊదేసి, వత్తి మీంచి లేచే తెల్లటి పొగకి అగ్గిపుల్ల అంటించు. మంట పొగమీంచి కిందికి దూకి వత్తిని వెలిగిస్తుంది. మీ నాయనమ్మ బాయిలర్‌లో ఏం జరుగుతోందంటే, మంట పుట్టిన చోటే రాగి గోడ, ఆ గోడ వెనకాల చన్నీళ్ళు. నీళ్ళున్న గోడ నూరు డిగ్రీలు దాటదు. దాన్ని తాకిన మంట అక్కడే చల్లారి పొగైపోతుంది, సగం మసై గొట్టానికి అంటుకుంటుంది. పేడకళ్ళు ఎత్తుతూ మీ అమ్మ తెల్లారగట్ల ఆ పొగలో దగ్గడం చిన్నప్పట్నించీ చూస్తున్నావుగా.

మొన్న సంక్రాంతికి మీ ఇంటికొచ్చినప్పుడు నేనో పని చేశాను, నీకు చెప్పలేదు. భోగి మర్నాడు పొద్దున్న మీ అయిదుగురి స్నానాలకి ఎంత తగలేశారో కాటా వేశాను. కొబ్బరి డొక్కలు, మట్టలు కలిపి రెండున్నర కిలోలు. ఇప్పుడు లెక్క చూడు. మనిషికి ఇరవై లీటర్ల బకెట్టు. ఇరవయ్యేడు డిగ్రీల నీళ్ళు నలభై రెండుకి రావాలి. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ పెరగడానికి ఒక కిలో క్యాలరీ. అంటే బకెట్టుకి మూడొందలు, అయిదుగురికి పదిహేను వందలు. బాగా ఎండిన కట్టె కిలోలో మూడున్నర వేల దాకా ఉంటాయి. అంటే ఒక్క చుక్క సెగ కూడా పోకపోతే అరకిలో చాలు. మీరు కాల్చింది దానికి అయిదింతల పైనే. ఆరు డొక్కలు వేస్తే ఒకటి నీళ్ళకి, అయిదు ఆకాశానికి. కిలోకి దింపగలిగితే నేనే వచ్చి నీకు దండ వేస్తాను. అంతకంటే తక్కువలో అవుతుందని ఎవరన్నా చెబితే కాటా తీసుకుని వాళ్ళింటికి వెళ్ళు.

కాబట్టి ముందు మంటకి ఇల్లు కట్టు, నీళ్ళ సంగతి తరవాత. ట్యాంకు కింద ఒక చిన్న పొయ్యిగది. అయిదంగుళాల నోరు, లోపలికి వెళ్ళి ఎల్బోలా పైకి తిరగాలి. నిలువు భాగం వెడల్పుకి రెండున్నర, మూడు రెట్లు ఎత్తుండాలి. మంట ఆ ఎత్తులోనే మండటం అయిపోవాలి. నోట్లో సగానికి ఒక చువ్వల అర పెట్టు. పైన కట్టె, కింద గాలి. గాలి కట్టె కిందనించి పోవాలి, మీదనించి పోతే మంటని చల్లార్చడం తప్ప దానివల్ల ఉపయోగం లేదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకో. మా మిల్లులో గది బరువైన ఇటుకలతో కట్టారు. అది రాత్రీ పగలూ మండుతూనే ఉంటుంది కాబట్టి చెల్లింది. ఇంట్లో బాయిలర్ మండేది అరగంట, ముప్పావుగంట. బరువు ఇటుకలు పెడితే అవి వేడెక్కేసరికి స్నానాలు అయిపోతాయి, సెగంతా ఇటుకలే తాగేస్తాయి. తేలిక ఇటుక కావాలి. బంకమట్టిలో ఊక బాగా దట్టించి ఇటుకలు పోసి కాల్పించు. ఊక కాలిపోయి లోపలంతా చిల్లులు మిగులుతాయి. చేత్తో పట్టుకుంటే బెండులా ఉంటుంది. దాని చుట్టూ రేకు, మధ్య సందులో రెండంగుళాల మేర ఊక బూడిద. ఇసకతో నింపకు, ఇసకా సెగ తాగేదే.

ఇంక నీళ్ళ ట్యాంకు. పాత బాయిలర్‌కి మధ్యలో ఒకే ఒక్క నాలుగంగుళాల గొట్టం. అంచున ఉన్న వేడి గాలి నీళ్ళ గోడకి రాసుకుంటుంది, మధ్యలో ఉన్నది దర్జాగా పైకి పోతుంది. దాని బదులు ఒకటిన్నర అంగుళాల ట్యూబులు ఏడు పెట్టు. నాలుగు నాలుగులు పదహారు. ఒకటిన్నరను ఒకటిన్నరతో గుణిస్తే రెండుంబావు, దాన్ని ఏడుతో గుణిస్తే పదహారుకి పావు తక్కువ. పొగ పోయే జాగా రెండింటికీ ఒకటే, కాబట్టి గాలి లాగడం పెద్దగా తగ్గదు. కానీ నీళ్ళకి తగిలే అంచు? అక్కడ నాలుగు, ఇక్కడ ఒకటిన్నర చొప్పున ఏడు, అంటే పదిన్నర. రెండున్నర రెట్ల పైమాటే. పన్నెండంగుళాల వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు చెయ్యి. ట్యూబులు ఆక్రమించింది పోగా ఇరవయ్యెనిమిది లీటర్ల దాకా పడుతుంది. ఇంటికి అది చాలు. పెద్దది చేస్తే మొదటి బకెట్టు కోసం అరగంట కూర్చోవాలి, ఆఖర్న మిగిలిన వేణ్ణీళ్ళు ఊరికే చల్లారిపోతాయి.

ఏడు ట్యూబులంటే పద్నాలుగు అతుకులు. ఒక్కటి కారినా ఆ చుక్క నేరుగా మంటలో పడుతుంది. పొయ్యిగది మీద కూర్చోబెట్టక ముందే నీళ్ళు నింపి ఒక రాత్రంతా ఉంచి, కింద కాగితం పరిచి పొద్దున్నే చూడు.

అన్నట్టు, ఈ సన్న ట్యూబులు శుభ్రమైన మంటకే పనికొస్తాయి. పాత పద్ధతిలో పొగ మంట పెట్టి పైన ఏడు ట్యూబులు పెట్టావంటే వారంలో మసి పూడిపోయి పొగంతా నోట్లోంచి వెనక్కి తంతుంది. అందుకే మంటది ముందు అన్నాను. ఎంత శుభ్రమైన మంటైనా మసి కొంత పడుతుంది. పైన చిమ్నీ ఊడొచ్చేలా పెట్టి, బాయిలర్‌తో పాటే ఒక తీగ బ్రష్షు ఇవ్వు. దాన్ని గొలుసుతో కట్టి ఇవ్వు, లేకపోతే మర్నాటికి పిల్లలు పట్టుకుపోతారు.

సెగంతా పట్టేస్తానని మరీ ఆశపడకు. నేను పడ్డాను. పెళ్ళైన కొత్తలో మిల్లు తుక్కుతో ఒక బాయిలర్ చేశాను. పొగ పైకెళ్ళి, కిందికొచ్చి, మళ్ళీ పైకెళ్ళేలా మూడు తిప్పులు. చిమ్నీ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. ఆహా, సెగంతా నీళ్ళకే పోయిందని మురిసిపోయాను. పది రోజులకి చిమ్నీ అతుకుల్లోంచి నల్లగా తారులాంటి నీళ్ళు కారడం మొదలైంది. పొగలో ఆవిరి ఉంటుంది, గొట్టం చల్లగా ఉంటే అది మసితో కలిసి అక్కడే నీళ్ళై దిగుతుంది. గాలి లాగడానికి కూడా గొట్టంలో కాస్త వేడి ఉండాలి. దండెం మీద ఆరేసిన మీ అత్తయ్య వెంకటగిరి చీర మీద ఆ తారు పడింది. ఆ బాయిలర్ సాయంత్రానికల్లా దొడ్డి గోడ అవతల ఉంది. ఆ చీర మాట ఇప్పటికీ ఇంట్లో వస్తుంటుంది.

చిమ్నీ ఆరడుగులు చాలు. దాని మొదట్లో తడి వేలితో ఒక చుక్క విదిలించు. సుయ్యిమని ఎగిరిపోతే బాగుంది. చుక్క జారుకుంటూ కిందికొస్తే మరీ చల్లబరిచావు. రేకు నీలంగా మారిందంటే, వెల్డింగ్ చేసేవాడివి నీకు తెలుసుగా, మూడొందల డిగ్రీల సెగ బయటికి పోతోంది.

రాగి పెట్టాలా, స్టీలు పెట్టాలా అని అడిగావు. రాగి తొందరగా సెగ లాగుతుంది, డొక్కలు కలిసొస్తాయి అని మన ఊళ్ళలో అందరూ అంటారు. రాగి లాగే మాట నిజమే, కలిసొచ్చే మాట అబద్ధం. గోడ మందం మిల్లీమీటరో, మిల్లీమీటరున్నరో. ఆ కాస్త మందంలో రాగైనా స్టీలైనా సెగ దాటడానికి పట్టే తేడా లెక్కలోకి రాదు. దాని మీద పేరుకున్న మసి పొర అంతకంటే పెద్ద అడ్డు. రాగి అడగాల్సింది మన్నిక కోసం. రాజోలు, సఖినేటిపల్లి వైపు బోరు నీళ్ళు ఉప్పన, వేడి ఉప్పునీళ్ళు స్టీలుని అతుకుల దగ్గర తినేస్తాయి. అటు వాళ్ళకి రాగి చెయ్యి, మంచినీళ్ళున్న చోట స్టీలు చెయ్యి. రాగి ట్యాంకులో ఇనుప ట్యూబులు మాత్రం ఎప్పుడూ వెయ్యకు. రెండు లోహాలు నీళ్ళలో కలిస్తే ముందు ఇనుమే పోతుంది.

ఇప్పుడు చెప్పేది బాగా విను. నువ్వు వేణ్ణీళ్ళ పైపుకి వాల్వు గీశావు. తీసెయ్. లీటరు నీళ్ళు ఆవిరైతే పదహారు వందల లీటర్ల పైన అవుతుంది. మా మిల్లు బాయిలర్‌కి సేఫ్టీ వాల్వు, ప్రెషర్ గేజి, నీళ్ళు తగ్గితే కరిగిపోయే సీసం బిళ్ళ, ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు. ఇంట్లో ఏముంది? మంట ఎగదోసి టీవీ ముందుకెళ్ళిపోయే పిల్లాడు. పాత బాయిలర్ చేసిన మహానుభావుడెవరో గానీ ఇక్కడ తెలివంతా చూపించాడు. గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తే అడుగుకి వెళ్తాయి, పైన తేలిన వేణ్ణీళ్ళు చెంబుడు మూతిలోంచి బయటికొస్తాయి. మూత లేదు, వాల్వు లేదు, ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది. దాన్ని ముట్టుకోకు. మేడ మీద ట్యాంకుకి కలపమని ఎవరన్నా పట్టుబడితే, బాయిలర్ నెత్తి మీంచి ఒక గొట్టం ఆ ట్యాంకు కంటే ఎత్తుకి తీసుకెళ్ళి నోరు తెరిచే వదిలెయ్. అడుగున కుళాయి పెట్టేది కడగడానికే. దాని చక్రం ఊడదీసి నీ దగ్గరే పెట్టుకో, లేకపోతే స్నానానికీ దాన్నే తిప్పి ట్యూబులు ఎండగడతారు. ఇంకొకటి, బాయిలర్ దొడ్లోనే ఉండాలి. ముసురు పట్టింది కదాని బాత్‌రూములో పెట్టనివ్వకు. నిప్పుల గాలి విషం, దానికి వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే అయిపోతుంది.

డొక్కల సంగతి. ఇదివరకు అంబాజీపేటలో డొక్కలు ఊరికే పట్టుకుపొమ్మనేవారు, ఇప్పుడు పీచు ఫ్యాక్టరీలకి అమ్ముకుంటున్నారు. పొయ్యిలో పడే ప్రతి డొక్కా డబ్బే. పచ్చి డొక్కలో నీళ్ళని ఆవిరి చెయ్యడానికి లీటరుకి ఆరొందల పైన కిలో క్యాలరీలు పోతాయి. అది పోతే పోయింది, ఆ ఆవిరి మంటని చల్లార్చి పొగ చేస్తుంది చూడు, అదీ అసలు నష్టం. బాయిలర్ పక్కనే మూడ్రోజుల డొక్కలు పట్టే చువ్వల అర ఒకటి కలిపి ఇవ్వు, మిగిలిపోయిన వేడికి ఆరతాయి. ఉత్త డొక్క నుసిలా రాజుకుంటుంది గానీ మంట లేవదు. మధ్యలో రెండు చిప్పలో, ఎండు మట్ట ముక్కో పడాలి. తెల్లారగట్ల నాలుగింటికి కత్తి పట్టుకుని ముక్కలు కొట్టే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, నోరు డొక్క సైజుకే ఉండాలి. మా ఆవిడ చేత, మీ అమ్మ చేత వెలిగించి చూడు. నువ్వు వెలిగిస్తే ఏ బాయిలరైనా బాగానే మండుతుంది.

బూడిద మాత్రం ఏ రోజుది ఆ రోజు తీయించు. డొక్క బూడిదలో ఉప్పు గుణం ఎక్కువ, వర్షాకాలం చెమ్మ తగిలితే రేకు పొరలు పొరలుగా లేస్తుంది.

అమ్మేముందు అయిదు రోజులు వరసగా కాటా, థర్మామీటరు పెట్టి రాసుకో. పాతదీ కొత్తదీ పక్కపక్కన, ఒకే కుప్ప డొక్కలతో. ఆ పుస్తకం కొనేవాళ్ళకి చూపించు. ఏప్రిల్, మేల్లో ఎలాగూ ఎవడూ కొనడు, ట్యాంకు నీళ్ళే కాలిపోతుంటాయి. కార్తీకమాసం వచ్చేలోగా తయారుంటే చాలు, తొందరేం లేదు.

మిల్లులో చెప్పి ఊక బూడిద రెండు బస్తాలు పక్కన పెట్టించాను. వచ్చే ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. బండి మీద రాకు, బస్తాలు ఆగవు, ఆటో మాట్లాడుకో. ఖాళీ చేతులతో రాకుండా మీ దొడ్లో అరటిగెల ఒకటి వేసుకురమ్మంది మీ అత్తయ్య. మీ అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయలేదు.

ఇట్లు
మీ మావయ్య