కొండలు చాలు, చేపల దగ్గరికి రా

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఓస్లో నుంచి నువ్వు పంపిన, నార్వే ఉత్తరాన ఉన్న లోఫోటెన్ దీవుల వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. కానీ స్వొల్వార్ నుంచి 'ఓ' అనే చివరి ఊరి దాకా సుమారు 130 కిలోమీటర్లు, ఒక్క రోజులో ఐదు ఊళ్లు తిరిగావు. ఐదింటికీ ఒకే మొహం పెట్టావు: నిటారు కొండ, నీలి నీళ్లు, ఎర్ర ఇల్లు. ఊరి పేరు మార్చినా పేరా మారదు.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. "ఎండుచేపల వాసనకి కారు అద్దాలు ఎక్కించేశాం" అని రాసి, వెంటనే మళ్లీ కొండ మీదికి వెళ్లిపోయావు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలమ్మా.

నేను భీమిలి దగ్గర పుట్టినవాణ్ణి. ఇసుకలో నెత్తళ్లు ఆరబోసి కాకుల్ని తోలే ఆడవాళ్ల మధ్య పెరిగాను. మనకి చేప ఎండాలంటే ఎండ ఉండాలి. నేను లోఫోటెన్ వెళ్లింది ఏప్రిల్లో. ఆర్కిటిక్ వలయానికి పైన, ఎండలో వేడే లేనిచోట, ఉప్పురాయి కూడా వెయ్యకుండా చేపని ఎండబెడుతుంటే నోరు తెరుచుకుని చూశాను. చలికాలం చివర బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడికి వస్తాయి. 'స్క్రై' అంటారు వాటిని. తల తీసి, కడుపు శుభ్రం చేసి, రెండేసి చేపల్ని తోకల దగ్గర ముడేసి కర్ర పందిళ్ల మీద వేలాడదీస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా అలా ఉంటాయి. అట్లాంటిక్‌ వెచ్చని ప్రవాహం వల్ల అంత ఉత్తరాన కూడా చలి సున్నా డిగ్రీలకి అటూ ఇటూగానే ఉంటుంది. చేప కుళ్లేంత వేడీ లేదు, గడ్డకట్టుకుపోయేంత చలీ లేదు. మిగతా పని గాలిది. తలలు వేరేగా గుత్తులు కట్టి ఎండబెడతారు, అవి నైజీరియా వంటిళ్లకి వెళ్తాయి. నాలుకలు కోసేది పిల్లలు. ఆ డబ్బు వాళ్లదే.

ఇది తెలిశాక నీ ఎర్ర ఇల్లు మళ్లీ చూడు. దాని పేరు రూర్బు. తెడ్డు వేసుకుంటూ వచ్చిన జాలరులు సీజన్లో తలదాచుకున్న గది అది. కాబెల్‌వోగ్‌లో 'అందమైన చర్చి' అని రాశావు. 1898లో కట్టారు, సుమారు 1200 మంది కూర్చోవచ్చు. అంత చిన్న ఊళ్లో అంత పెద్ద చర్చి ఎందుకో నీకు అనుమానం రాలేదా? ఆ జాలరుల కోసమే.

ఈసారి మార్చిలో వెళ్లు. ఒక్క ఊరు చాలు, హెన్నింగ్స్‌వార్ అయినా సరే. పందిరి కింద నిలబడు. తోకల ముడి ఎలా వేస్తారో అడిగి నీ చేత్తో వేసి చూడు. భాష రాదని టెన్షన్ పడకు, పని చేసేవాళ్లు చేతులతో చెబుతారు. రాసేటప్పుడు 'స్టాక్‌ఫిష్' వద్దు, ఎండుచేప అను. మీ అమ్మమ్మకి చదివి వినిపిస్తే ఆవిడకి వాసన తెలియాలి.

ఇంకో మాట. రోడ్డు ఆగిపోయే ఆ చివరి ఊరి పేరు ఒక్క అక్షరం, ఓ (Å). నార్వే అక్షరమాలలో అదే ఆఖరిది. అర్థం చిన్న వాగు. నువ్వు బోర్డు పక్కన ఫోటో దిగి వెనక్కి వచ్చేశావు. ఆ వాగు ఎక్కడుందో ఈసారి వెతుకు. తిరగరాసింది పంపు, ఎదురుచూస్తుంటాను.

మీ మాస్టారు