ఆదివాసులపై జరిగిన యుద్ధ నేరాలను డాక్యుమెంటరీగా తీస్తే న్యాయం జరుగుతుందా?

శాంతి ఉద్యమంలో పనిచేస్తున్నానని, కెమెరా పట్టడం వచ్చని, కానీ ఇలాంటి సినిమా చూసినవాళ్లు కాసేపు బాధపడి మర్చిపోతారేమోనని మీరు అడిగారు. ఉపయోగం ఉంటుంది. ఒక్కోసారి ఆ ఉపయోగం తెర మీదికి వచ్చిన భాగం వల్ల కాకుండా, కత్తిరించి పక్కన పెట్టిన రషెస్ (షూట్ చేసిన ముడి ఫుటేజ్) వల్ల కలుగుతుంది.

మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలా సంగతే చూడండి. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారనో, మాయమయ్యారనో 1999లో సత్యశోధన కమిషన్ అంచనా వేసింది. వివరాలు తెలిసిన బాధితుల్లో 83 శాతం మంది మాయా ఆదివాసులు. 1982లో పమేలా యేట్స్ అనే అమెరికన్ దర్శకురాలు అక్కడ షూట్ చేస్తూ, ఆ మార్చిలోనే సైనిక తిరుగుబాటుతో గద్దెనెక్కిన జనరల్ రియోస్ మాంట్‌ను ఇంటర్వ్యూ చేశారు. సైన్యం నా అదుపులో లేకపోతే నేనిక్కడ ఏం చేస్తున్నట్టు అనే అర్థం వచ్చేలా ఆయన మాట్లాడాడు. చాలా ఏళ్ల తర్వాత లాయర్లు అడిగితే ఆమె పాత రషెస్ మళ్లీ బయటికి తీసి వెతికారు. కింది అధికారులు చేసినదానికి నాకు బాధ్యత లేదని వాదిస్తున్న మనిషి ముందే, 2013లో ఆ ఇంటర్వ్యూను కోర్టులో చూపించారు.

మాయా తెగల్లో ఒకటైన ఇషిల్ ఆదివాసులు 1,771 మంది హత్యకు సంబంధించిన కేసు అది. మే 10న రియోస్ మాంట్‌కు 80 ఏళ్ల శిక్ష పడింది. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. మళ్లీ విచారణ పూర్తి కాకముందే 2018 ఏప్రిల్‌లో ఆయన చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో మరో తీర్పు జాతి నిర్మూలన జరిగిన మాట నిజమేనని తేల్చింది, కానీ నిందితుడిగా మిగిలిన సైనిక అధికారిని వదిలేసింది. కాబట్టి సినిమా తీస్తే శిక్ష పడి తీరుతుందని మీకు మాట ఇవ్వలేను.

ఇక నా అనుభవం. నేను ఎడిటర్‌ని. కొన్నేళ్ల క్రితం ఇషిల్ సాక్షుల ఇంటర్వ్యూలు లాగింగ్ చేసే పనిలో, అంటే ఏ టేపులో ఏముందో చూసి నోట్ రాసే పనిలో ఉన్నాను. ఒక టేపులో ఒక పెద్దావిడ నాలుగు నిమిషాలు మాట్లాడింది. దుబాసీ స్పానిష్‌లో రెండే వాక్యాలు చెప్పాడు: సైనికులొచ్చారు, ఇళ్లు తగలబెట్టారు. మిగతాది తీసేయొచ్చని నేను నోట్ రాసేశాను. తర్వాత ఇషిల్ మాతృభాషగా ఉన్న ఒకమ్మాయి ఆ టేపు విని ఆగమంది. ఆవిడ చనిపోయిన పిల్లల పేర్లు వరసగా చెబుతోందట. సైనికులొచ్చిన రోజున మొక్కజొన్న ఎంత ఎత్తు పెరిగిందో కూడా చెబుతోందట. తారీఖు గుర్తులేని మనిషి అది ఏ నెలో అలా చెప్పింది. నేను తీసేయమన్నది అదంతా. ఆ నోట్ నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకే చెబుతున్నాను, ఒరిజినల్ మెమరీ కార్డుల మీద మళ్లీ షూట్ చేయకండి. కాపీలు రెండు వేర్వేరు చోట్ల ఉంచండి. ఎక్కడ, ఎప్పుడు తీశారు, ఆ తర్వాత ఎవరి చేతుల్లో ఉంది అన్నది రాసిపెట్టండి, ఎందుకంటే కోర్టులో ఎదుటి లాయరు మొదట పట్టుకునేది అక్కడే.

మాట్లాడే మనిషి భద్రత మాత్రం వీటన్నిటికన్నా ముందు. 2016లో గ్వాటెమాలాలోనే జరిగిన సెపూర్ సార్కో కేసులో, సైన్యం చేతిలో లైంగిక హింసకు గురైన కెక్చీ అనే మరో మాయా తెగ మహిళలు ముఖాలు వస్త్రంతో కప్పుకుని కోర్టులో కూర్చున్నారు. వాళ్ల వైపే తీర్పు వచ్చింది. ముఖం చూపించకపోతే సినిమాకు బలం తగ్గుతుందని ఎవరైనా అంటే వినకండి. షూటింగ్ రోజు ఒప్పుకున్నావిడ ఎడిటింగ్ అయ్యాక వద్దంటే, అది మీ సినిమాలో అన్నిటికన్నా మంచి సీన్ అయినా సరే తీసేయాల్సిందే. ఆ రికార్డింగ్‌ను ఉంచాలా చెరిపేయాలా అన్నది కూడా ఆవిడే చెప్పాలి.

బడ్జెట్ వేసేటప్పుడు లెన్సుల కన్నా ముందు ఆ భాష పుట్టుకతో వచ్చిన ఇద్దరికి జీతం రాసుకోండి. ఒకరు ఇంటర్వ్యూలో పక్కన కూర్చోవడానికి, ఇంకొకరు తర్వాత టేపు మొత్తం మొదటి నుంచి వినడానికి.