కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో డిప్లాయ్‌మెంట్‌ను ఎవరు సృష్టించారో తెలుసుకోవడం ఎలా?

విశాఖపట్నంలో రుషికొండ దగ్గరి మీ కార్యాలయంలో, ఎవరూ అడగని సాఫ్ట్‌వేర్ రాత్రికి రాత్రే కంప్యూటర్లన్నిటిలోకి చేరిందనీ, సంస్థలోని కంప్యూటర్లను ఒకేచోటి నుంచి నిర్వహించే మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఆ డిప్లాయ్‌మెంట్ (సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లకు పంపే ఆదేశం) ఎవరు పెట్టారో తెలియాలనీ అడిగారు. ఆ సమాచారం ఆడిట్ స్టేటస్ మెసేజ్‌లలో, అంటే ఎవరు ఏ మార్పు చేశారో తెలిపే రికార్డుల్లో, నమోదై ఉంటుంది.

కన్సోల్‌లోని మానిటరింగ్ విభాగంలో, సిస్టమ్ స్టేటస్ కింద ఉన్న స్టేటస్ మెసేజ్ క్వెరీస్ తెరిచి, మెసేజ్ ఐడీ (ఒక్కో రకం మెసేజ్‌కు ఉండే సంఖ్య) ఆధారంగా వెతికే కొత్త క్వెరీ రాసుకోండి. అప్లికేషన్ డిప్లాయ్‌మెంట్‌ను సృష్టిస్తే 30226, మారిస్తే 30227, తొలగిస్తే 30228 నమోదవుతాయి. పాత పద్ధతి ప్యాకేజీలకైతే ఇవే పనులకు వరుసగా 30006, 30007, 30008 చూడాలి. ఆ పని చేసిన ఖాతా పేరూ, సమయమూ మెసేజ్‌లోనే కనిపిస్తాయి.

అయితే 30226 దొరకగానే ఆగిపోవద్దని నా గట్టి మనవి. ఒకరు వారం తర్వాతి గడువుతో సృష్టించినదాన్ని మరొకరు ఆ రాత్రికే మార్చి ఉండవచ్చు కనుక, 30227 మెసేజ్‌లను కూడా కాలక్రమంలో చదివితేనే తప్పు చేయని ఉద్యోగి మీద నింద పడకుండా ఉంటుంది. నలుగురు కలిసి ఒకే అడ్మిన్ ఖాతా వాడుతున్న చోట ఈ నమోదు ఖాతాను మాత్రమే చూపగలదు, మనిషిని చూపలేదు. అలాంటప్పుడు అదే సమయానికి విండోస్ లాగిన్ వివరాలను సరిపోల్చుకోవాలి, ఇకముందు ఎవరి ఖాతా వారికి ఇవ్వాలి.

డిఫాల్ట్ అమరికలో ఆడిట్ మెసేజ్‌లను 180 రోజులు దాటాక తొలగించే వీలుంటుంది గనుక, దొరికినవాటిని ఈరోజే భద్రపరచుకోండి.