తూము వేరు, అలుగు వేరు

సందేహం: మొన్నటి వానలకి "చెరువు తూము పొంగి పొర్లుతోంది" అని వార్తల్లో చదివాను. తూము పొర్లదు, అలుగు పారుతుంది అంటారు మా నాన్నగారు. రెండూ ఒకటి కాదా? తూముని గేటు అంటే తప్పా? – ఒక పాఠకురాలు, కడప జిల్లా

సమాధానం: మీ నాన్నగారు చెప్పిందే రైటమ్మా. ఆ వార్త రాసినాయన చెరువు కట్ట ఎక్కి ఉండడు.

తమిళంలో తూంబు, కన్నడంలో తూబు, మనకి తూము, అన్నీ ఒక ఇంటివే, లోపల బోలుగా ఉండి నీళ్లు పోయేది అనే అర్థం. చెరువు తూము కూడా అంతే, కట్ట అడుగున రాతిపలకలతో కట్టిన దారి, లోపలివైపు దాని నోటికి ఒక బిరడా, ఆ బిరడాకి పొడుగాటి కర్ర, కర్ర అటూ ఇటూ పోకుండా రెండు రాతి స్తంభాలు. బిరడా పైకి లేపితే పొలానికి నీళ్లు, దించితే బంద్. కట్ట కింద ఉన్నది పొంగి పొర్లడం ఏంటండీ! అలుగేమో కట్ట చివర, కట్ట కంటే ఎత్తు తగ్గించి రాతితో కట్టేది, చెరువు నిండాక మిగులు నీళ్లు దాని మీంచి కింది చెరువుకి పోతాయి. అది లేకపోతే నీళ్లు మట్టికట్ట ఎక్కి దూకుతాయి, కట్ట కోసుకుపోయి గండి పడుతుంది. తెలంగాణలో దీన్నే మత్తడి అంటారు, నెల్లూరు వైపు కలుజు. ఇన్ని మాటలుండగా "ఓవర్‌ఫ్లో అవుతోంది" అని రాసేవాళ్లని ఏమనాలో నాకైతే తెలీదు.

మీది కడప జిల్లా అన్నారు కాబట్టి పోరుమామిళ్ల శాసనం ఎత్తకుండా వదల్ను. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఆ ఊరి చెరువు కట్టించి ఈ శాసనం సంస్కృతంలో వేయించాడు. రోజుకి 1000 మంది కూలీలు, రాళ్లకి 100 బండ్లు, రెండేళ్ల పని. కానీ నాకు అసలు మోజు అందులో చెప్పిన లక్షణాల మీద. మంచి చెరువుకి పన్నెండు అంగాలట, నీటిశాస్త్రం తెలిసిన మనిషి, గట్టినేల, మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, దగ్గర్లో పొడుగాటి రాళ్లు దొరికే గని, పని తెలిసిన జనం ఇలా. దోషాలు ఆరు: కట్టలోంచి నీళ్లు ఊరడం, చౌడునేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు మధ్యలో మెరక, తక్కువ నీళ్లకి ఎక్కువ పొలం, ఎక్కువ నీళ్లకి తక్కువ జాగా. ఆ పొలిమేర దోషం చూడండి, నీళ్ల తగాదా వస్తుందని కట్టకముందే లెక్కేసుకున్నారు!

ఇక ధాన్యం కొలిచే తూము వేరే, ఇరవై తూములైతే పుట్టి. అలుగు అంటే బాణం మొన, పొలుసుల జంతువు కూడా.

గేటు సంగతంటారా, ఇనప తలుపు బిగించి చక్రంతో తిప్పే చోట ఆ తలుపుని గేటు అనండి, నాకు అభ్యంతరం లేదు. మొత్తం తూముని అనొద్దు. అయితే రోడ్డు కింద వేసే సిమెంటు గొట్టాన్ని కూడా జనం తూము అనే అంటున్నారు, బోలుగా ఉంది కదా, దాన్ని తప్పనడానికి నాకు నోరు రావట్లేదు.